అగ్నిపర్వతాలు లేని హిమాలయాల్లో గ్రానైట్ ఎలా పుట్టింది?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్లు ఒకసారి చెప్పుకుంటాను. గోముఖ్ ఎగువన నిలబడిన 6,543 మీటర్ల శివలింగ్ శిఖరం గ్రానైట్ అని చదివారు. భూగర్భంలోని శిలాద్రవం పైకి వచ్చి గడ్డకడితే గ్రానైట్ అవుతుందని బడిలో నేర్చుకున్నారు. హిమాలయాల్లో అగ్నిపర్వతాలు లేవు కాబట్టి ఆ శిలాద్రవం ఎక్కడిదని మీ సందేహం. రెండు ఖండాలు ఢీకొన్నప్పుడు పుట్టిన రాపిడికే రాళ్లు కరిగాయా అని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. శివలింగ్ గ్రానైట్‌కు ముడిసరుకు మాంటిల్ నుంచి, అంటే భూపటలం కింద ఉండే మందమైన పొర నుంచి రాలేదు. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న బురద, ఇసుకలే దానికి మూలం. అవి గట్టిపడి, పర్వతాల కింద లోతుకు దిగబడి, రూపాంతరం చెంది, చివరికి కొంత మేర కరిగాయి. రాపిడి పాత్ర చిన్నది. అన్నిటికన్నా పెద్ద పాత్ర అభ్రకం లోపల బందీగా ఉన్న నీటిది. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో ఈ నీరు ఎక్కడా కనిపించదు. నా దృష్టిలో అదే పెద్ద లోటు, అందుకే దాని గురించి ఎక్కువ రాస్తున్నాను.

వేడి ఎక్కడిదో ముందు చూద్దాం. భారత పలక ఆసియాను తాకింది సుమారు 5 కోట్ల ఏళ్ల క్రితం. మామూలు ఖండ భూపటలం మందం 35–40 కిలోమీటర్లు ఉంటుంది. ఒక భాగం కిందికి మరో భాగం దూరి, మడతలు పడి, టిబెట్ కింద ఇప్పుడది దాదాపు 70 కిలోమీటర్లకు చేరింది. అంటే యురేనియం, థోరియం, పొటాషియం ఎక్కువగా ఉండే పై పొరల రాళ్లు కూడా లోతుకు పూడుకుపోయాయి. ఈ మూలకాల్లోని రేడియోధార్మిక పరమాణువులు క్షీణిస్తూ వేడిని వదులుతూనే ఉంటాయి. అలాంటి రాయి ఒక ఘన కిలోమీటరు తీసుకుంటే దాని నుంచి వచ్చే వేడి సుమారు 2 కిలోవాట్లు, అంటే ఇంట్లో ఒక గీజర్ వాడే విద్యుత్తుతో సమానం. ఒక కొండంత రాయికి ఇది ఏ మూలకూ రాదనిపిస్తుంది. కానీ ఆ వేడి బయటకు పోకుండా నిలిచిందనుకుంటే రాయి ఉష్ణోగ్రత ప్రతి 10 లక్షల ఏళ్లకు 20 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. నిజానికి కొంత పోతూనే ఉంటుంది. అయితే పైన పదుల కిలోమీటర్ల రాయి కప్పి ఉన్నప్పుడు పోయేది తగ్గుతుంది, నిలిచేది పెరుగుతుంది.

ఇక్కడ కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. రాయిలో వేడి ప్రయాణం చాలా మందకొడి. 30 కిలోమీటర్ల మందం గుండా ఉష్ణోగ్రతలో మార్పు పాకడానికి సుమారు 3 కోట్ల ఏళ్లు పడుతుంది. ఇప్పుడు హిమాలయ గ్రానైట్ల వయసులు చూడండి. శివలింగ్ కూడా భాగమైన గంగోత్రి గ్రానైట్‌ది సుమారు 2.3 కోట్ల ఏళ్లు. నేపాల్‌లోని 8,163 మీటర్ల మనస్లు శిఖరపు గ్రానైట్‌ది దాదాపు 2.2 నుంచి 1.9 కోట్ల ఏళ్లు. అంటే ఖండాలు తాకినప్పటికీ ఈ గ్రానైట్లు పుట్టినప్పటికీ మధ్య 2.5 నుంచి 3 కోట్ల ఏళ్ల ఎడం ఉంది. ఢీకొన్న తాకిడే రాళ్లను కరిగించి ఉంటే ఇంత ఆలస్యం ఎందుకవుతుంది? రాయి నింపాదిగా లోలోపలి నుంచి వేడెక్కిందనడానికి ఈ ఎడమే మొదటి సాక్ష్యం.

రాపిడి ఊహ అర్థం లేనిదేమీ కాదు. ఫ్రెంచ్ భూగర్భ శాస్త్రవేత్త పాట్రిక్ లె ఫోర్ 1975లో ఈ గ్రానైట్లను మెయిన్ సెంట్రల్ థ్రస్ట్ అనే మహా భ్రంశంతో (రాళ్లు ఒకదాని మీద ఒకటి జారే పెద్ద పగులుతో) ముడిపెట్టారు. వేడి రాళ్లు చల్లని, తడి ఉన్న రాళ్ల మీదికి ఎక్కాయని, కింది రాళ్ల నుంచి వెలువడిన నీరు పై రాళ్లను కరిగించిందని ఆయన వాదన. దానికి రాపిడి వేడి కూడా తోడై ఉంటుందని ఆ తరువాత చాలామంది లెక్కలు వేశారు. చిక్కేమిటంటే, రాయి వేడెక్కే కొద్దీ మెత్తబడుతుంది. మెత్తబడితే జారడానికి అడ్డు తగ్గుతుంది, అడ్డు తగ్గితే రాపిడి వేడీ తగ్గుతుంది. అంటే ఆ వేడి తనకు తానే పగ్గం వేసుకుంటుంది. పైగా పెద్ద పెద్ద గ్రానైట్ ముద్దలు ఆ భ్రంశాన్ని ఆనుకుని లేవు. దానికి బాగా పైన, హై హిమాలయ శిలల (ఎత్తైన శిఖరాల వరుసలోని శిలల) పై అంచున, సౌత్ టిబెటన్ డిటాచ్‌మెంట్ అనే మరో భ్రంశానికి దగ్గరగా ఉన్నాయి. కొంత సాయం చేసిందంటే ఒప్పుకుంటాను గానీ ప్రధాన కారణం అదేనంటే ఒప్పుకోలేను.

ఇక అసలు విషయానికి వస్తాను. గ్రానైట్‌లో ప్రధానంగా ఉండేవి క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాలు. క్వార్ట్జ్ ఒక్కదాన్నే కరిగించాలంటే 1,700 డిగ్రీల సెల్సియస్ కావాలి. సోడియం ఫెల్డ్‌స్పార్‌కు 1,100 దాటాలి. అయితే క్వార్ట్జ్, సోడియం ఫెల్డ్‌స్పార్, పొటాషియం ఫెల్డ్‌స్పార్ మూడూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటే, విడివిడిగా కరగాల్సిన వేడి కన్నా చాలా తక్కువలో కలిసి కరుగుతాయి. వాటికి పీడనం కింద నీరు కూడా తోడైతే 650 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. అమెరికాలో పనిచేసిన టటిల్, బొవెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1958లో ప్రచురించిన ప్రయోగాలు ఈ సంగతిని తేల్చాయి. ఆ ప్రయోగాల్లో అన్నిటికన్నా ముందు కరిగి వచ్చిన ద్రవం కూర్పు, ప్రపంచంలోని గ్రానైట్ల కూర్పు దాదాపు ఒకటిగా కనిపించాయి. అంతకుముందు వందేళ్లకు పైగా గ్రానైట్ ద్రవం నుంచి పుట్టిందా, ఘన రాయే అలా మారిందా అని తెగని వాదన నడిచింది. దాన్ని చాలావరకు ముగించింది ఈ పనే.

మరి 25, 30 కిలోమీటర్ల లోతున నీరు ఎక్కడిది? రాళ్ల సందుల్లోని స్వేచ్ఛా జలం అంత లోతుకు చేరేసరికి దాదాపుగా పిండేసినట్లు బయటకు వెళ్లిపోతుంది. మిగిలేది ఖనిజాల అణు నిర్మాణంలో ఇమిడిన నీరు మాత్రమే. బురద రాయి రూపాంతరం చెందితే అందులో తెల్ల అభ్రకమైన మస్కొవైట్, నల్ల అభ్రకమైన బయోటైట్ పెరుగుతాయి. మస్కొవైట్ బరువులో సుమారు నాలుగున్నర శాతం నీరే. ఉష్ణోగ్రత 700–750 డిగ్రీలకు చేరితే మస్కొవైట్ నిలవలేదు. క్వార్ట్జ్‌తోను, ప్లాజియోక్లేజ్ ఫెల్డ్‌స్పార్‌తోను చర్య జరిపి సిల్లిమనైట్ అనే ఖనిజంగా, పొటాషియం ఫెల్డ్‌స్పార్‌గా, కొంత ద్రవంగా మారుతుంది. వదిలిన నీరంతా ఆ ద్రవంలోకే వెళుతుంది. ఇంకా వేడెక్కి 800–850 డిగ్రీలు దాటితే బయోటైట్ వంతు వస్తుంది. అది కరుగుతూ గార్నెట్‌ను వెనక వదులుతుంది. కాబట్టి ఒక రాయి ఎప్పుడు కరుగుతుంది, ఎంత కరుగుతుంది అన్నది అందులో ఏ అభ్రకం ఎంత ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. మస్కొవైట్ దశలో కరిగేది సాధారణంగా పది శాతానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. రాయి మొత్తం కరగదు. ఈ మాట ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పినా చాలదు, ఎందుకంటే ‘కరిగింది’ అనగానే మనసులో మెదిలేది మరుగుతున్న ఎర్రని సరస్సు.

హిమాలయాల్లో మస్కొవైట్ కరగడానికి వేడి పెరగడం ఒక్కటే కారణం కాదు, పీడనం తగ్గడం కూడా తోడైంది. అభ్రకంలో బందీగా ఉన్న నీటితో కరిగే ఉష్ణోగ్రత లోతు పెరిగే కొద్దీ పెరుగుతుంది, లోతు తగ్గే కొద్దీ తగ్గుతుంది. కాబట్టి 700 డిగ్రీలకు పైబడి వేడిగా ఉన్న రాయి చల్లబడే వ్యవధి లేకుండా పైకి లేస్తే, అదే ఉష్ణోగ్రతలో కరగడం మొదలుపెట్టగలదు. హై హిమాలయ శిలలకు సరిగ్గా ఇదే జరిగింది. కింద మెయిన్ సెంట్రల్ థ్రస్ట్, పైన సౌత్ టిబెటన్ డిటాచ్‌మెంట్ ఒకే కాలంలో కదులుతూ ఉంటే, మధ్యనున్న వేడి రాతి పలక దక్షిణానికీ పైకీ తోసుకొచ్చింది. నదులు, హిమానీనదాలు పైభాగాన్ని కోసుకుపోతూ దానికి దారి ఇచ్చాయి. నైజెల్ హారిస్ వంటి భూగర్భ శాస్త్రవేత్తలు 1990లలో ఈ పీడన తగ్గుదలకు పెద్దపీట వేశారు. నాకు కూడా గంగోత్రి, మనస్లు గ్రానైట్ల విషయంలో ఇదే అన్నిటికన్నా నమ్మదగిన వివరణగా కనిపిస్తుంది.

కరిగిన ద్రవం బొట్టు బొట్టుగా స్ఫటికాల అంచుల్లో పుడుతుంది. బదరీనాథ్ పరిసరాల్లోని నైస్ అనే చారల రూపాంతర రాళ్లలో దీని ఆనవాళ్లు కళ్లతోనే చూడవచ్చు. అరచేయంత ముక్కలో కూడా కథంతా ఉంటుంది. వేలెడు వెడల్పున తెల్లని చార, అందులో చక్కెర పలుకుల పరిమాణం నుంచి గోరంత వరకు క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ గింజలు. ఆ చారకు రెండు వైపులా కాటుక గీసినట్లు పలచని నల్లని అంచు. ఆ అంచంతా బయోటైట్, సిల్లిమనైట్ సూదులు, అక్కడక్కడా ఎర్రని గార్నెట్. తెల్లనిది కరిగి చేరిన భాగం, నల్లనిది కరగకుండా మిగిలిన భాగం. కొన్నిచోట్ల రాయి సాగి, తెగే చోట సన్నబడిన మెడలోకి తెల్లని పదార్థం చేరి ఉంటుంది. రాయి సాగుతున్నప్పుడే ద్రవం కూడా ఉన్నదని, పీడనం తక్కువ ఉన్న చోటికి పరుగెత్తిందని దాని అర్థం. ఇలా కొంత మేర కరిగిన రాళ్లకు మిగ్మటైట్ అనే పేరును ఫిన్లండ్ శాస్త్రవేత్త సెడెర్‌హోమ్ 1907లో పెట్టారు.

ద్రవం ఏడు శాతం దగ్గరికి వచ్చేసరికి స్ఫటికాల మధ్య ద్రవపు పొరలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, రాయి బలం ఒక్కసారిగా పడిపోతుంది. పర్వతాల నిర్మాణంలో ఇది చిన్న విషయం కాదు. గట్టిగా నిలబడాల్సిన పొర జారుడు పొరగా మారుతుంది. పైన ఉన్న బరువుకు అది పక్కకు పారడం మొదలుపెడుతుంది. టిబెట్ పీఠభూమి కింది మెత్తని పొర దక్షిణానికి పారి హిమాలయాల ముందు బయటపడిందనే సిద్ధాంతానికి పునాది ఇక్కడే ఉంది. ఈ సిద్ధాంతం మీద ఇప్పటికీ గట్టి వాదోపవాదాలు ఉన్నాయి. కరగడం వల్ల పర్వతం బలహీనపడుతుందన్న మూల విషయం మీద మాత్రం పెద్దగా భేదాభిప్రాయం లేదు.

చిన్న చారలు కలిసి పగుళ్లలోకి, పగుళ్లు కలిసి గోడల్లా నిలువుగా సాగే డైకుల్లోకి ద్రవాన్ని చేరుస్తాయి. గ్రానైట్ ద్రవం పెద్ద బుడగలాగా రాళ్లను తోసుకుంటూ పైకి లేస్తుందని పాత పుస్తకాల్లో ఉంటుంది. సన్నని డైకుల గుండా చాలా వేగంగా పైకి చేరుతుందని ఇప్పుడు ఎక్కువమంది నమ్ముతున్నారు. చుట్టూ ఉన్న రాయికన్నా ద్రవం తేలిక కావడం, నీటి వల్ల అది కొంత పలచబడడం ఇందుకు తోడ్పడతాయి. పైన అనుకూలమైన పొర దొరికితే అడ్డంగా పరుచుకుని దుప్పటిలా సిల్‌గా మారుతుంది. ఎవరెస్ట్ పక్కనున్న నుప్సే శిఖరపు దక్షిణ గోడలో ఇలాంటి తెల్లని సిల్ ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. శివలింగ్ ఎదురుగా ఉన్న భగీరథి శిఖరాల్లో ఒకదాని గోడ మీద కింద తెల్లని గ్రానైట్, దాని నెత్తిన నల్లని షేల్, అంటే బురద గట్టిపడిన రాయి కనిపిస్తాయి. ద్రవం తనకన్నా ఎంతో పాతదైన బురద రాయిలోకి చొరబడి ఆగిన చోటు అది.

అక్కడే ఎందుకు ఆగింది, పైకి వచ్చి అగ్నిపర్వతంగా ఎందుకు పేలలేదు అన్నదే మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. జవాబు మళ్లీ నీటి దగ్గరే ఉంది. అభ్రకంలో బందీగా ఉన్న నీటి విషయంలో పీడనం తగ్గితే కరగడం సులువవుతుందని పైన చెప్పాను. నీరు ఒకసారి ద్రవంలో కలిసిపోయాక లెక్క తిరగబడుతుంది. ద్రవంలో నీరు ఇమడాలంటే పీడనం కావాలి. పైకి వచ్చే కొద్దీ పీడనం తగ్గి నీరు ద్రవాన్ని వదిలిపోతుంది. నీరు వదిలిన ద్రవం గడ్డకట్టకుండా ఉండాలంటే ఇంకా ఎక్కువ వేడి కావాలి. 700 చిల్లర డిగ్రీల దగ్గర పుట్టిన తడి గ్రానైట్ ద్రవానికి అంత అదనపు వేడి లేదు. కాబట్టి నేల మీదికి చేరకముందే, చాలా కిలోమీటర్ల లోతున, ఉన్నచోటే గడ్డకడుతుంది. తక్కువ వేడిలో పుట్టడానికి తోడ్పడిన నీరే దాన్ని పైకి రానివ్వలేదు. హిమాలయాల్లో గ్రానైట్ ఉండి అగ్నిపర్వతాలు లేకపోవడానికి కారణం ఇదే. ఆ తరువాత పైనున్న రాళ్లన్నీ కోసుకుపోయి, నేల పైకి లేచి, ఆ గ్రానైట్ ఇప్పుడు ఆకాశంలో కనిపిస్తోంది.

ముడిసరుకు మాంటిల్‌ది కాదని ఎలా తెలుసంటారా? గంగోత్రి గ్రానైట్ ముక్కను చూస్తేనే కొంత తెలుస్తుంది. తెల్లని రాయిలో నల్లని టూర్మలిన్ స్ఫటికాలు, మస్కొవైట్ రేకులు, గార్నెట్ ఉంటాయి. టూర్మలిన్‌కు బోరాన్ కావాలి. సముద్రపు బంకమట్టిలో బోరాన్ చేరుతుంది, మట్టి రాయిగా మారాక అభ్రకంలో నిలుస్తుంది, అభ్రకం కరిగితే ద్రవంలోకి వస్తుంది. రెండో సాక్ష్యం స్ట్రాన్షియం. రుబీడియం-87 క్షీణించి స్ట్రాన్షియం-87 అవుతుంది. రుబీడియం ఎక్కువగా ఉండే అభ్రకం కోట్ల ఏళ్లు నిలిచిన రాళ్లలో స్ట్రాన్షియం-87కు, స్ట్రాన్షియం-86కు ఉన్న నిష్పత్తి పెరుగుతూ పోతుంది. మాంటిల్‌లో ఆ నిష్పత్తి 0.703 దగ్గర ఉంటే, హిమాలయ తెల్ల గ్రానైట్లలో మొదటి నుంచే 0.74కు పైగా ఉంటుంది. అంత పెద్ద విలువ పాత ఖండ భూపటలం నుంచి తప్ప రాదు.

మూడోది జిర్కాన్ అనే గట్టి ఖనిజం. వెంట్రుక మందాన్ని కాస్త మించిన గింజను కోసి, మెరుగుపెట్టి, ఎలక్ట్రాన్ పుంజం కింద చూస్తే లోపల ఒక కేంద్రం, దాని చుట్టూ పలచని పొర కనిపిస్తాయి. యురేనియం ఎంత సీసంగా మారిందో చూసే యురేనియం–సీసం పద్ధతిలో రెండింటి వయసూ విడివిడిగా కొలుస్తారు. పై పొర వయసు 2 కోట్ల ఏళ్ల దరిదాపుల్లో ఉంటుంది. లోపలి కేంద్రం వయసు 50 కోట్లు, 80 కోట్లు, ఒక్కోసారి 100 కోట్ల ఏళ్లు కూడా దాటుతుంది. ఏ పాత కొండ నుంచో నది మోసుకొచ్చిన ఇసుక గింజ అది. సముద్రం అడుగున పాతుకుపోయి, చుట్టూ ఉన్న రాయి కరిగినా తాను పూర్తిగా కరగకుండా, కొత్త గ్రానైట్‌లోకి వచ్చి పడింది. ఇంతకన్నా సూటిగా సాక్ష్యం చెప్పగలిగేది నాకు తెలిసి మరొకటి లేదు.

అన్ని గ్రానైట్లూ ఇలాగే పుట్టాయని మాత్రం అనుకోకండి. లేహ్ పట్టణం చుట్టూ ఉన్న బూడిద రంగు గ్రానైట్లూ హిమాలయ ప్రాంతానివే. వాటిలో టూర్మలిన్ బదులు హార్న్‌బ్లెండ్ అనే నల్లని ఖనిజం ఉంటుంది, వయసు ఎక్కువగా 7 నుంచి 5 కోట్ల ఏళ్ల మధ్య. భారత్, ఆసియాల మధ్య ఒకప్పుడు ఉన్న టెథిస్ సముద్రపు నేల ఆసియా కిందికి దూరుతున్న కాలంలో, మాంటిల్ నుంచి వచ్చిన ద్రవం ప్రధాన పాత్ర వహించగా పుట్టినవి అవి. ఆ కాలంలో అక్కడ అగ్నిపర్వతాలు కూడా ఉండేవి. అవక్షేపాలు కరిగి పుట్టిన గ్రానైట్లను, అగ్నిశిలలు కరిగి పుట్టిన గ్రానైట్లను వేరుచేసి చూడాలని ఆస్ట్రేలియాలో చాపెల్, వైట్ అనే శాస్త్రవేత్తలు 1974లో ప్రతిపాదించారు. గీత అన్నిచోట్లా అంత స్పష్టంగా ఉండదు గానీ గంగోత్రికీ లేహ్‌కూ మధ్య మాత్రం బాగానే పనిచేస్తుంది. మాంటిల్ నుంచి వచ్చిన ద్రవం లోతున గడ్డకడితే ఎలా ఉంటుందో చూడాలంటే ప్రకాశం జిల్లా చీమకుర్తి క్వారీల నల్ల రాయిని చూడండి. అంగట్లో గ్రానైట్ అనే అమ్ముతారు గానీ అది గాబ్రో అనే ముదురు రంగు జాతి శిల. క్వార్ట్జ్‌తో నిండిన శివలింగ్ రాయికీ దానికీ పోలికే లేదు. హైదరాబాద్ చుట్టూ ఉన్న గుండ్ల గ్రానైట్లు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. వాటిలో పాత భూపటలం కరిగిన వాటా, మాంటిల్ వాటా రెండూ ఉన్నాయి కాబట్టి శివలింగ్ కథను యథాతథంగా వాటికి అతికించకూడదు.

శివలింగ్ కథలోని రెండో సగం, అంటే ద్రవం వెళ్లిపోయాక అడుగున ఏం మిగిలిందన్నది చూడాలంటే మాత్రం విశాఖపట్నం వెళ్లాలి. కైలాసగిరి, సింహాచలం కొండల్లో తుప్పు రంగు తేలి కనిపించే ఖోండలైట్ శిల కూడా ఒకప్పటి సముద్రపు బురదే. అందులో గార్నెట్, సిల్లిమనైట్, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, గ్రాఫైట్ పుష్కలం. అభ్రకం మాత్రం చాలా తక్కువ. దాదాపు 100 కోట్ల ఏళ్ల క్రితం, ఇప్పటి తూర్పు అంటార్కిటికా భాగం మన తీరాన్ని అంటిపెట్టుకుని ఉన్న రోజుల్లో, ఇక్కడ లేచిన పర్వతాల అడుగు భాగం ఇది. పాడేరు, అనకాపల్లి ప్రాంతాల రాళ్లలో దొరికిన సఫిరిన్ వంటి ఖనిజాలను బట్టి ఉష్ణోగ్రత 900 డిగ్రీలు దాటిందని తేలింది. అంత వేడి ఎలా నిలిచింది? కరగడానికి చాలా వేడి ఖర్చవుతుంది, కాబట్టి కరుగుతున్నంతసేపు రాయి ఉష్ణోగ్రత నిదానంగా పెరుగుతుంది. అభ్రకం అయిపోయి, ద్రవం బయటకు వెళ్లిపోయాక కరగడానికి పెద్దగా ఏమీ మిగలదు. అప్పుడు వచ్చే వేడంతా ఉష్ణోగ్రతను పెంచడానికే పోతుంది. వెళ్లిపోయిన ద్రవంలో కొంత దూరం పోలేదు. ఖోండలైట్ల మధ్య గార్నెట్ చుక్కలున్న లేత రంగు పొరలుగా అక్కడే గడ్డకట్టింది. ఘాట్ రోడ్డు కోసం కోసిన కొండ పార్శ్వాల్లో ఈ రెండూ పక్కపక్కనే దొరుకుతాయి. వాన కడిగిన తాజా కోత అయితే మరీ స్పష్టంగా ఉంటుంది. ఖోండలైట్ల నుంచి రాలిన గార్నెట్, సిల్లిమనైట్, థోరియం ఉన్న మోనజైట్ భీమిలి వైపు తీరపు ఇసుకలో కలిసి ఉన్నాయి. పర్వతాల కింద రాళ్లను వేడెక్కించే మూలకాల్లో థోరియం ఒకటని పైన చెప్పాను కదా, అది ఆ నల్ల ఇసుకలో ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు కూడా హిమాలయాల వెనక రాళ్లు కరుగుతున్నాయా అని మీరు అడగలేదు గానీ ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది. 1990లలో చైనా, అమెరికా, జర్మనీ, కెనడా శాస్త్రవేత్తలు కలిసి చేసిన ఇండెప్త్ సర్వేలో దక్షిణ టిబెట్ కింద 15–20 కిలోమీటర్ల లోతున భూకంప తరంగాలు బలంగా ప్రతిఫలించే మచ్చలు, విద్యుత్తును బాగా ప్రసరింపజేసే పొర బయటపడ్డాయి. అవి గ్రానైట్ ద్రవమని కొందరు, ఉప్పు నీరని మరికొందరు, రెండూ కలిసి ఉన్నాయని ఇంకొందరు అంటారు. అంత విస్తారమైన పొరలో అంత ఎక్కువ విద్యుత్ ప్రసరణను కొద్ది శాతం ద్రవమైనా లేకుండా వివరించడం కష్టమని నా అభిప్రాయం. ఉపరితలానికి వేడి నీటి బుగ్గలు మాత్రమే చేరుతున్నాయి, లావా చేరడం లేదు. తడి గ్రానైట్ ద్రవం పైకి వస్తూ దారిలోనే గడ్డకడుతుందని చెప్పిన లెక్కకు ఇది సరిపోతుంది.